లష్కర్‌లో మోగినవి, మ్యూజియంలో చేరినవి

సికింద్రాబాద్‌కు వాద్యాల మ్యూజియం లేదు. రెండు వందల ఏళ్ళకు పైగా పటాలం బ్యూగిల్‌తో నిద్ర లేచిన ఊరు ఇది. ఆషాఢంలో డప్పుల మోతకు తెల్లవార్లూ మేలుకునే ఊరు. చర్చిలో హార్మోనియం, పెళ్ళి ఊరేగింపులో బ్యాండు, దావత్‌లో మర్ఫా, గుళ్ళో సన్నాయి అన్నీ నాలుగు వీధుల మధ్యే విన్న ఊరు. అయినా వాటిలో ఒక్కదాన్ని దగ్గరగా చూసి, దాని సంగతి తెలుసుకుందామంటే ఇక్కడ ఒక్క గది కూడా లేదు. మాసబ్‌ట్యాంక్ గిరిజన మ్యూజియం దాకా పోవాలి. దక్కను వాద్యాలు ఒకచోట చేరి సేకరణగా పెరిగిన కథ మొదట్నుంచీ చెప్పుకోవాలంటే ఏకంగా డబ్లిన్ దాకా పోవాలి. ఆ కథలో మన బొల్లారానికీ కొంచెం చోటుంది.

1806లో సికిందర్ జా పేరు మీద ఈ ఊరు పుట్టిందని మనందరికీ తెలుసు. 1798 ఒప్పందం ప్రకారం నిజాం ఖర్చు మీద కంపెనీ వాళ్ళు ఉంచిన సబ్సిడియరీ ఫోర్స్ ఇక్కడ దిగింది. దానికి ఉత్తరాన బొల్లారంలో ఉన్నది వేరే సైన్యం. సిపాయిలు నిజాం మనుషులు, అధికారులు తెల్లవాళ్ళు. దాన్నే తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ అన్నారు. జనానికి ఈ తేడాలతో పనిలేదు, రెండూ లష్కరే. మహంకాళి అమ్మవారి కథ కూడా ఆ లష్కర్‌లోదే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి వెళ్ళాడు. అక్కడ కలరా రేగితే అమ్మవారికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి ఇక్కడ కొయ్య విగ్రహం నిలిపాడు. లష్కర్ బోనాలకు అదే మొదలని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ కొయ్య విగ్రహం స్థానంలో 1864లో రాతి విగ్రహం వచ్చింది. అమ్మవారి ముందు డప్పు మాత్రం మారలేదు.

పటాలం వాద్యాలు వేరు, సిపాయిల వాద్యాలు వేరు. పటాలానివి బ్యూగిలూ డ్రమ్మూ. గంట కొట్టినట్టు వేళకు మోగి ఆగిపోతాయి. సిపాయిలవి పండగకు మోగేవి, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. ఈ రెంటికీ బొల్లారంలో ఒకసారి ఘర్షణ వచ్చింది. 1855 సెప్టెంబరు, మొహర్రం రోజులు. కాంటింజెంట్ దళం అధిపతి బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ గట్టి దైవభక్తుడు. ఆదివారం ప్రార్థన దినం కాబట్టి ఆ రోజు ఊరేగింపులు, వాద్యాలు, చప్పుళ్ళు కూడదని ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా పండగలో ముఖ్యమైన రోజులకే అది అడ్డం. సిపాయిల్లో అలజడి చూసి ఉత్తర్వు సడలించారు కానీ, అప్పటికే మనసులు చెడ్డాయి. ఒక ఊరేగింపు చప్పుడు చేసుకుంటూ తన బంగళా పక్కగా పోతుంటే మెకంజీ స్వయంగా వెళ్ళి జెండా లాక్కున్నాడు. కాసేపటికే 3వ అశ్వికదళం వాళ్ళు కొందరు బంగళా మీదికి వచ్చి ఆయన్ని కత్తులతో నరికారు. ప్రాణం దక్కింది గానీ గాయాలు మామూలువి కావు. చివరికి గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభుత్వం కూడా తొందరపాటు మెకంజీదేనని తేల్చింది. వాద్యమంటే ఎవరికి ఏమిటో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో బొల్లారం ఆనాడే చూసింది.

అదే నిజాం సైన్యంలో ఇంకో తెల్లవాడు ఉండేవాడు. ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్‌పూల్‌లో పుట్టి, పదిహేనేళ్ళకు బొంబాయిలో వ్యాపారం నేర్చుకుందామని వచ్చి, అది కుదరక అదే ఏడు నిజాం కొలువులో చేరాడు. హైదరాబాద్ షావుకారు విలియం పామర్ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. 1839లో రాసిన థగ్గుల నవలతో ఇంగ్లండ్‌లో పేరు మోగిపోయింది. సురపురం సంస్థానంలో పన్నెండేళ్ళు పాలన చూశాడు. మెకంజీ మీద దాడి జరిగే నాటికి నల్దుర్గ్ వైపు జిల్లా అధికారి. కంపెనీ ఉద్యోగి కాదు కాబట్టి పెద్ద పదవులు అందలేదు. ఆ లోటును నేర్చుకోవడంతో పూడ్చుకున్నాడు. ఇక్కడి భాషలు, న్యాయం, ఇంజనీరింగు, చిత్రలేఖనం, పాత సమాధుల తవ్వకం దాకా దేన్నీ వదల్లేదు. ఆరోగ్యం పాడై 1860లో స్వదేశానికి వెళ్ళి, డబ్లిన్ దగ్గర స్థిరపడ్డాడు.

డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీకి ఆ రోజుల్లో కర్నల్ పి. టి. ఫ్రెంచ్ అనే అధికారి హిందూస్తానం నుంచి తెచ్చిన వాద్యాలను బహూకరించాడు. కొమ్ములు, సన్నాయిలు, శంఖం, పుంగి, తంబూరా, సితార్, సారంగి, పఖావజ్, ఢోలు, డఫ్ వంటివి. వాటిని చూసి ఇది ఇదీ అని చెప్పగలిగినవాడు ఆ ఊళ్ళో టేలర్ ఒక్కడే అయి ఉంటాడు. 1860ల మధ్యలో అకాడమీ సంచికలో ఆయన పేరు మీద ఆ వాద్యాల జాబితా అచ్చయింది. పేరుకు జాబితానే. చదివితే మాత్రం దక్కనులో ముప్పై ఐదేళ్ళు బతికిన మనిషి చెవి అందులో కనిపిస్తుంది. ఏ వాద్యం ఏ కులంవాళ్ళు వాయిస్తారు, గుడి ముందు మోగేదేది, పెళ్ళికేది, ఊరి కావలికేది, పాము ఆడించేవాడి చేతిలో ఏది ఉంటుంది, ఇవన్నీ రాశాడు. పేర్లు ఎక్కువగా మరాఠీ, హిందుస్తానీ పలుకుబడిలో ఉన్నాయి. కొన్ని వాద్యాల చప్పుడు ఆయనకు అస్సలు నచ్చలేదు, ఆ విసుగూ దాచుకోలేదు. అయినా నా లెక్కలో ఆ జాబితా అద్దాల పెట్టెలో పేరుచీటీలు పెట్టి ఊరుకున్న ఎన్నో మ్యూజియాల కంటే మెరుగు. వాద్యం పక్కన మనిషిని నిలబెట్టాడు కాబట్టి.

ఆ జాబితాను కలకత్తాలో రాజా శౌరీంద్రమోహన్ ఠాకూర్ తన సంకలనంలో చేర్చుకున్నాడు. రవీంద్రుడి వంశంలోనే వేరే శాఖవాడు. ఆయన పుణ్యాన మన దేశపు వాద్యాలు ప్రపంచమంతా తిరిగాయి. దేశదేశాల రాజులకు, మ్యూజియాలకు పెట్టెలకు పెట్టెలు వాద్యాలు కానుకగా పంపేవాడు, బదులుగా బిరుదులూ పతకాలూ అందుకునేవాడు. బ్రస్సెల్స్‌కు అలా చేరినవి ఇంచుమించు వంద. అక్కడి వాద్యాల మ్యూజియం 1877లో ఏర్పడినప్పుడు దానికి పునాది రెండు సేకరణలు, ఒకటి ఫెటిస్ అనే సంగీత పండితుడిది, రెండోది ఠాకూర్ పంపినది. ఆ మ్యూజియం అధిపతి మాహియోన్ వాటన్నిటినీ ఎలా సర్దాలా అని చూసి, చివరికి భరతుడి నాట్యశాస్త్రంలోని నాలుగు రకాల దారి పట్టాడు. తీగవి, ఊదేవి, తోలు బిగించినవి, లోహంతో ఘనంగా ఉన్నవి. మనవాళ్ళు తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అనేవే. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు ఆ పద్ధతిని విస్తరించి రాసినదే ఈనాటికీ లోకమంతా మ్యూజియాల్లో వాడుక. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి 1889లో మేరీ క్రాస్‌బీ బ్రౌన్ అనే ఆవిడ ఇచ్చిన రెండు మూడు వందల వాద్యాలు ఆవిడ పట్టుదలతో మూడున్నర వేలు దాటాయి. ఆవిడ ఊరూరూ తిరగలేదు. మిషనరీలకూ రాయబారులకూ ఉత్తరాలు రాసి తెప్పించింది. పెద్ద సేకరణలు చాలావరకు అలాగే పెరిగాయి, ఇంట్లో కూర్చుని ఉత్తరాలు రాసేవాళ్ళ ఓపికతో, ఇక్కడ ఎండలో తిరిగి కొనేవాళ్ళ కాళ్ళతో.

మన వైపు ఇంకో సైనికుడి పేరు చెప్పి ముందుకు పోతాను. కెప్టెన్ సి. ఆర్. డే. దక్షిణ భారతం, దక్కనుల సంగీతం మీదా వాద్యాల మీదా 1891లో లండన్‌లో పెద్ద పుస్తకం వేశాడు, రంగుల బొమ్మలతో. తొమ్మిదేళ్ళ తర్వాత దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో చనిపోయాడు. మన వాద్యాల గురించి ఇంగ్లీషులో వివరంగా రాసినవాళ్ళలో ఇద్దరు తుపాకీ పట్టినవాళ్ళే కావడం నాకైతే వింతగా అనిపించదు. కంటోన్మెంటులో సాయంత్రాలు పొడుగు.

మరి ఇక్కడివాళ్ళు ఏం దాచుకున్నారు? దాచుకోవడంలో హైదరాబాద్‌ను మించిన ఊరు లేదు. మూడో సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసినవి చూడాలంటే ఒక రోజు చాలదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో ఆ మ్యూజియం తెరిచినప్పటి నుంచీ జనం తీర్థంలా పోతూనే ఉన్నారు. అక్కడ జనమంతా నోరు మూసుకుని చెవులు రిక్కించే చోటు ఒక్కటే, సంగీత గడియారం. గంట గంటకూ గడ్డంవాడు బయటికొచ్చి గంట కొట్టి పోతాడు. అది కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చిన విలాయతీ గడియారం. నాకూ ఇష్టమే, మా ఇంటికి వచ్చిన చుట్టాలందర్నీ తీసుకుపోయి చూపిస్తాను. కానీ ఆ వేలాది వస్తువుల ఊళ్ళో ఒక రుంజకూ, జమిడికకూ, కిన్నెరకూ ఆపాటి పీట ఎవరూ వెయ్యలేదు. డబ్బున్నవాళ్ళ కన్ను దంతం మీద, జేడ్ మీద, పింగాణీ మీద ఉంది. తోలు మీద లేదు. తోలు అంటిన వాద్యాన్ని ఇంట్లోకి రానివ్వని లోకంలో మ్యూజియంలోకి మాత్రం ఎందుకు రానిస్తారు?

మార్పు అడవి వైపు నుంచి వచ్చింది, అదీ ఒక యుద్ధం వల్ల. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇక్కడ ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళు శత్రుదేశస్థుడి కింద లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటిపోకూడదన్నారు. ఆయన ఆ కట్టడిలోనే చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళి, మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1948లో వచ్చిన ఆయన గోండుల పుస్తకంలో పరధానుల కీక్రీ ఉంది, పేప్రే ఉంది. కీక్రీ మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. పేప్రే సన్నాయి జాతిది. పరధాను గోండు ఇంటి చరిత్ర పాడతాడు, ఆ పాటకు కీక్రీ ఆధారం. అది లేకపోతే గోండు వంశానికి తన పుట్టుక గుర్తుండదు. కేస్లాపూర్‌లో మెస్రం వంశంవాళ్ళు నాగోబాకు పూజ చేసేటప్పుడు పేప్రే, డోలు, కాలికోం మోగాల్సిందే. హైమెన్‌డార్ఫ్ 1945 నుంచి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు కూడా అయ్యాడు. ఆయన భార్య ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే ఖననం చేశారు.

గిరిజన పరిశోధనా సంస్థ 1963లో ఏర్పడింది. దాని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం మాసబ్‌ట్యాంక్‌లో 2003 నుంచి ఉంది. నగలు, చేపల బుట్టలు, విల్లంబులతో పాటు వాద్యాలూ ఉన్నాయి. వీలు చేసుకుని తప్పకుండా చూడండి, పెద్దగా రద్దీ ఉండదు. ఒక విడ్డూరం మాత్రం చెప్పాలి. ఆ మ్యూజియానికి కూతవేటు దూరంలో ఏసీ గార్డ్స్. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం సిద్దీల బస్తీ అది. యెమెన్ హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ ఈ సిద్దీలూ కలిసి హైదరాబాద్‌కు ఇచ్చిన మర్ఫా అక్కడి నుంచే పెళ్ళి ఊరేగింపులకూ, ఆ తర్వాత మన తీన్‌మార్‌కూ పాకింది. గోడకు అటువైపు వాద్యం పెట్టెలో ఉంది, ఇటువైపు వీధిలో ఉంది. వీధిలో ఉన్నదాన్ని రాసిపెట్టుకునేవాళ్ళు తక్కువ. అది కూడా పోతేనే మ్యూజియానికి గుర్తొస్తుందేమో.

మన కాలంలో వాద్యాల సేకరణ అనగానే తలుచుకోవాల్సిన పేరు ఆచార్య జయధీర్ తిరుమలరావు. తెలుగు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి సంచాలకుడిగానూ పనిచేశారు. నాలుగు దశాబ్దాలకు పైగా ఊళ్ళు తిరిగారు. మొదట తాళపత్రాల కోసం, పాటల కోసం వెళ్ళిన మనిషికి పాటగాడి చంకలో వాద్యం కనిపించకుండా ఉంటుందా? పాట రాసుకుంటే సరిపోదని, పాట పుట్టే పనిముట్టు కూడా కావాలని తెలిసింది. పాలమూరు విశ్వవిద్యాలయం ఆచార్య గూడూరు మనోజ ఆయనతో కలిసి నడిచారు. ‘మూలధ్వని’ పేరుతో వాద్యాలను జనానికి చూపించారు. 2019లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ‘ఆద్యకళ’ ప్రదర్శన పెట్టారు, వాద్యాలతో పాటు పటాలు, లోహ విగ్రహాలు, రాతప్రతులు. ఉత్తరాలు రాసి తెప్పించిన సేకరణ కాదిది. జీతం డబ్బులతో, బస్సు ప్రయాణాలతో, కళాకారుల ఇళ్ళలో అన్నం తిని పెంచిన సేకరణ.

ఇలాంటి సేకరణలోకి వస్తువు ఎలా చేరుతుందో చూస్తే దాని వెనక కష్టం తెలుస్తుంది. కొన్ని వాద్యాలు అమ్మకానికి రావు. వేల్పు ముందు మోగే కోయ డోలి ఒక మనిషి సొత్తు కాదు, ఆ గట్టు, అంటే ఆ గోత్రం వాళ్ళందరిదీ. అడగడమే తప్పు. అలాంటప్పుడు చేసే చేతిని వెతికి కొత్తది చేయించుకోవాలి. చేసేటప్పుడు పక్కన కూర్చుని రాసుకోవాలి. కొన్ని వాయించేవాడు పోయాక చేరతాయి. కొడుకు పట్నంలో ఆటో నడుపుతుంటాడు, మనవడికి ఆ వాద్యం పట్టుకోవడమే నామోషీ, అటక మీద ఎలుకలు కొరుకుతుంటాయి. ఇంకొన్నిటికి సామాను దొరకదు. కొమ్ముకోయలు తలకు కట్టే అడవి దున్న కొమ్ముల సంగతే చూడండి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కొత్తగా చెయ్యడం కుదరదు, కుదరకూడదు కూడా. అందుకని తాతల నాటిది ఒక్కటి విరిగితే అంతే సంగతులు.

చేరినదాన్ని కాపాడటం మరో తంటా. తోలు వానాకాలం సాగుతుంది, మే నెలలో బిగుసుకుని పగులుతుంది. వెదురు పుచ్చుతుంది. కిన్నెర మెట్లను మైనంతో నిలబెడతారు, రేకుల షెడ్డులో పెడితే ఎండకు మైనం మెత్తబడి మెట్లు జారిపోతాయి. పన్నెండు మెట్ల కిన్నెర మీద ఒక్క మెట్టు జరిగినా అది ఇంక బొమ్మే. ఎక్కడ నిలబెట్టాలో వాయించేవాడి చెవికి తప్ప టేపు పెట్టి కొలిచేవాళ్ళకు తెలియదు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ వచ్చింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణ మీద వచ్చింది. రామచంద్రయ్య ఆ 2024లోనే వెళ్ళిపోయారు. పురస్కారం వచ్చిన రెండేళ్ళకు. ఆయన డోలి ఉంటుంది, ఆయనకు నోటికి వచ్చిన కోయ వంశ కథలు ఎంతవరకు రికార్డయితే అంతవరకే మనకు మిగిలాయి.

లష్కర్‌కు తిరిగొద్దాం. బోనాల రాత్రి మహంకాళి వీధి మలుపులో నిలబడితే డప్పువాళ్ళు చేసే పని ఒకటి కనిపిస్తుంది. ఊరేగింపు ఆగిన చోట కాగితాలూ అట్టముక్కలూ కుప్పేసి అంటిస్తారు. డప్పును మంటకు చూపించి, చుట్టూ తిప్పుతూ కాస్తారు. చేతి వెనకభాగంతో తోలును తాకి చూస్తారు. చిటికెనపుల్లతో ఒకటి రెండు సార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా మెత్తగా ఉంటే మళ్ళీ మంటకు పెడతారు. చిర్ర పడ్డప్పుడు ఖంగుమనాలి. అప్పుడు గానీ భుజానికి తగిలించుకోరు. ఈ మధ్య చాలామంది చేతిలో ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులు. చుట్టూ నట్లు, పానాతో తిప్పితే చాలు. వానొచ్చినా భయం లేదు, మంట అక్కర్లేదు. పాతకాలం మనుషులు పెదవి విరుస్తారు. నేను విరవను. గంటల తరబడి మోసి వాయించేవాడి భుజం సంగతి వాడికి తెలుసు. మ్యూజియం పెట్టేవాళ్ళు మేకతోలు డప్పు పక్కన ఈ ప్లాస్టిక్ డప్పునూ పెట్టాలి, పానాతో సహా. లేకపోతే వాద్యం మా తాతల దగ్గరే ఆగిపోయిందని పిల్లలు అనుకుంటారు.

బ్యాండుమేళం సంగతీ అంతే. కంటోన్మెంటు పక్కన పెరిగిన ఊరు కాబట్టి ఇత్తడి బూరలూ క్లారినెట్లూ మన పెళ్ళిళ్ళలోకి తొందరగానే దిగాయి. పటాలం బ్యాండు యూనిఫారం చూసి పెళ్ళి బ్యాండు ఎర్ర కోటు తొడిగింది. డీజేలు వచ్చాక ఎన్ని క్లారినెట్లు పాత సామాను కొట్లకు కిలో లెక్కన పోయాయో ఎవరు లెక్కపెట్టారు? ఇత్తడికి ధర ఉంది, ఊదినవాడి పేరుకు లేదు. గిరిజన వాద్యాలకు మాసబ్‌ట్యాంక్ ఉంది, జానపద వాద్యాలకు కొందరు ఆచార్యుల తపన ఉంది. పట్నపు పేదవాడి వాద్యానికి ఎవరూ లేరు. సికింద్రాబాద్ చెయ్యాల్సిన పని అదేనని నా గట్టి అభిప్రాయం. కంటోన్మెంటులో ఖాళీగా పడున్న పాత కట్టడాల్లో ఒక్క గది చాలు. డప్పు, మర్ఫా, పెళ్ళి బ్యాండు, పటాలం బ్యూగిల్, చర్చి హార్మోనియం పక్కపక్కన పెడితే ఈ ఊరి చరిత్ర ఇంకెక్కడా దొరకనంత సూటిగా కనిపిస్తుంది.

ఆ గది ఎప్పుడొస్తుందో ఏమో. అప్పటిదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ అటక మీద గానీ, బస్తీ సంఘం గదిలో గానీ, గుడి స్టోరులో గానీ పాత వాద్యం ఉంటే పాత సామానువాడికి వెయ్యకండి. ఫోనులో నాలుగు ఫొటోలు తీయండి. వాయించినవాళ్ళ పేరు, చేసినవాళ్ళ పేరు, ఏ తోలు, ఏ కర్ర, ఏ పండక్కి మోగేది ఒక కాగితం మీద రాసి దానికే కట్టండి. వాయించడం వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి ఒక పది నిమిషాలు రికార్డు చేయండి.